పెట్టె విప్పితే ఏముంది? హాకీ కార్డుల నూరేళ్ల చరిత్ర

శీతాకాలం వచ్చిందంటే ఈ దేశంలో పెరుగుతున్న మన పిల్లల నోట వినిపించే మాట ఒకటే: హాకీ. మన తరం వారికి హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం, ఒలింపిక్ బంగారు పతకాలు. మన పిల్లలకు హాకీ అంటే గడ్డకట్టిన మంచు, కాళ్లకు స్కేట్లు, బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ల. ఆ ఆట వెంటే మన ఇళ్లలోకి వచ్చి చేరే వస్తువు మరొకటుంది. అది హాకీ కార్డుల డబ్బా.

కెనడాలో స్థిరపడిన ప్రతి తెలుగింటా ఈ దృశ్యం పరిచితమే. పుట్టినరోజు డబ్బులతో డబ్బా కొనుక్కొచ్చిన పిల్లవాడు కార్పెట్ మీద చతికిలబడి ఒక్కొక్క ప్యాకెట్టే విప్పుతూ "ఇది ఉంది, ఇది ఉంది, ఇది లేదు!" అంటూ కేకలు పెడుతుంటాడు. "ఇంత డబ్బు పోసి అట్టముక్కలు కొన్నావా నాయనా!" అని తల్లి నొచ్చుకుంటుంది. తండ్రికి మాత్రం ఎప్పుడో పేపర్లో చదివిన లక్షల డాలర్ల కార్డు గుర్తుకొస్తుంది. "పోనీలేవే, ఏమో, ఎవరికి తెలుసు!" అని ఓ మాట అనేస్తాడు.

తల్లి మాటలో నిజముంది, తండ్రి ఆశలోనూ కొంత నిజముంది. ఎవరిది ఎంత నిజమో తేలాలంటే ఈ అట్టముక్కల చరిత్ర కొంచెం తెలుసుకోవాలి. ఇది నూటపదేళ్లు దాటిన చరిత్ర. ఇందులో వ్యాపారుల తెలివితేటలున్నాయి, పిల్లల ఆటలున్నాయి, పెద్దల అత్యాశ కూడా ఉంది.

సిగరెట్ పెట్టెలో పుట్టిన బొమ్మ

పందొమ్మిదవ శతాబ్దం చివరి రోజుల్లో అమెరికాలో సిగరెట్లను పల్చటి కాగితపు పెట్టెల్లో పెట్టి అమ్మేవారు. లోపలి సిగరెట్లు నలిగిపోకుండా ఒక గట్టి అట్టముక్కను అడ్డు పెట్టేవారు. ఉట్టి అట్ట ఎందుకని వ్యాపారులు దాని మీద బొమ్మలు అచ్చు వేయించారు. నటీమణులు, పక్షులు, దేశదేశాల జెండాలు, బేస్‌బాల్ ఆటగాళ్లు, ఒకటేమిటి, అన్నీ వేశారు. సిగరెట్ కొనేది పెద్దవాడు. ఆ బొమ్మ కోసం మారాం చేసేది పిల్లవాడు. బొమ్మల వరుస పూర్తయ్యేదాకా తండ్రి మరో కంపెనీ సిగరెట్ ముట్టకుండా కాపలా కాసేది కూడా ఆ పిల్లవాడే. వ్యాపారికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ పద్ధతి కెనడాలో హాకీకి వచ్చింది 1910-11 చలికాలంలో. ఇంపీరియల్ టొబాకో కంపెనీ 36 మంది ఆటగాళ్ల రంగుల బొమ్మలను సిగరెట్ పెట్టెల్లో పెట్టి వదిలింది. హాకీ కార్డుల వరుసల్లో మొదటిదిగా చెప్పుకునేది ఇదే. ఇప్పుడు మనం టీవీలో చూసే నేషనల్ హాకీ లీగ్ అప్పటికి పుట్టనే లేదు. అది 1917లో మాంట్రియాల్‌లో ఏర్పడింది. అంటే లీగు కంటే కార్డే పెద్దదన్నమాట! మరుసటి ఏడాది 45 కార్డులు వచ్చాయి. జార్జ్ వెజినా అనే గోల్‌కీపర్ బొమ్మ అందులో ఉంది. ఏటా ఉత్తమ గోల్‌కీపర్‌కు ఇచ్చే వెజినా ట్రోఫీ ఆయన పేరు మీదుగా వచ్చిందే. 1912-13లో 50 కార్డులు వెలువడ్డాయి.

ఇక్కడ మన గుంటూరు వారికి ఒక చిన్న విశేషం. కెనడాలో ఇంపీరియల్ టొబాకో 1908లో ఏర్పడింది. రెండేళ్లకే, 1910లో, కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. నేటి ఐ.టి.సి. అదే. ఈ రెండూ బ్రిటిష్ అమెరికన్ టొబాకో అనే ఒకే తల్లివేరుకు పుట్టిన పిలకలు. ఆ భారతీయ శాఖకు ఆకు సమకూర్చడానికి వచ్చిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీయే గుంటూరు వారందరూ ఎరిగిన "ఐ.ఎల్.టి.డి." మన తాతల కాలంలో గుంటూరు సీమలో పొగాకు సేద్యాన్ని మార్చివేసిన వ్యాపార కుటుంబమూ, ఇక్కడ మొదటి హాకీ బొమ్మను అచ్చు వేసిన వ్యాపార కుటుంబమూ ఒకటేనన్నమాట. ప్రపంచం ఎంత చిన్నదో చూడండి.

ఆనాటి కార్డుల మీద ఇప్పటి సేకర్తలు వాడే సంకేతాల వెనుక కూడా ఒక మనిషి శ్రమ ఉంది. అమెరికాలోని సిరక్యూస్ నగరవాసి జెఫర్సన్ బర్డిక్ కార్డుల సేకరణకు జీవితాన్ని ధారపోశాడు. కీళ్లవాతంతో బాధపడుతూనే కార్డులన్నిటికీ ఒక పట్టిక తయారుచేశాడు. కెనడా పొగాకు కార్డులకు "సి" అనీ, కెనడా మిఠాయి కార్డులకు "వి" అనీ గుర్తులు పెట్టాడు. మొదటి హాకీ వరుసను నేటికీ "సి 56" అనే పిలుస్తారు. తన మూడు లక్షల పైచిలుకు కార్డులనూ, కాగితపు బొమ్మలనూ ఆయన న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియానికి దానం చేశాడు. అమ్ముకోలేదు. 1963లో ఆయన కన్నుమూశాడు. ఈ కథలో ముందు ముందు వచ్చే మనుషులను చూసినప్పుడు బర్డిక్‌ను ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

మిఠాయి కంపెనీల లెక్క

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కార్డులు సిగరెట్ పెట్టెలను వదిలి మిఠాయి పొట్లాల్లోకి వచ్చాయి. ఇక నేరుగా పిల్లలే కొనుగోలుదారులు. అసలు చమత్కారం ఇక్కడే మొదలైంది.

ఆంటారియోలోని బ్రాంట్‌ఫర్డ్‌లో విలియం పేటర్సన్ అనే మిఠాయి కంపెనీ ఉండేది. అది 1923-24లో 40 హాకీ కార్డులు విడుదల చేసింది. నలభై కార్డులూ కూడబెట్టి పంపిన పిల్లలకు బహుమతి ఇస్తామంది. పిల్లలు ఎగబడ్డారు. ముప్ఫయి తొమ్మిది తేలికగానే దొరికేవి. ఇరవై అయిదవ నంబరు, బర్ట్ కార్బో అనే ఆటగాడి కార్డు మాత్రం ఎంత మిఠాయి తిన్నా దొరికేది కాదు. కారణం సులువే. కంపెనీ ఆ ఒక్క కార్డును చాలా తక్కువగా అచ్చు వేసింది.

మరుసటి ఏడాది మాంట్రియాల్‌లోని మేపుల్ క్రిస్పెట్ కంపెనీ ఇదే పని చేసింది. 30 కార్డులు పూర్తి చేస్తే స్కేట్ల జత బహుమతి. ఈసారి కనిపించకుండా పోయింది పదిహేనవ నంబరు, స్ప్రేగ్ క్లెగార్న్ కార్డు. ఈ కార్డు ప్రతి ఇప్పటిదాకా లోకానికి తెలిసినది ఒక్కటే ఒక్కటి! ఆ చలికాలంలో ఎంతమంది పేదింటి పిల్లలు స్కేట్ల మీద ఆశతో పైసా పైసా కూడబెట్టి మిఠాయి కొన్నారో, ఎంతమంది ఇరవై తొమ్మిది కార్డులు చేత్తో పట్టుకుని వసంతం దాకా ఎదురుచూశారో ఊహించుకోవచ్చు.

పాఠకులు ఈ సంగతిని గట్టిగా గుర్తుంచుకోవాలని నా మనవి. ప్యాకెట్ విప్పేటప్పుడు పిల్లవాడి గుండె దడదడలాడుతుంది కదా, ఆ దడను మనం అదృష్టం అనుకుంటాం. నిజానికి అది అచ్చాఫీసులో ముందే వేసిన లెక్క. కంపెనీ అమ్మేది బొమ్మ కాదు, "ఈసారి వస్తుందేమో" అన్న ఆశ. ఇది నిన్న మొన్న పుట్టిన కిటుకు కాదు, నూరేళ్ల నాటిది.

అయితే ఆ దారి తొక్కని కంపెనీ కూడా ఒకటుంది. ఇప్పుడు మనవాళ్లు ఎంతోమంది నివసిస్తున్న మిస్సిసాగాలో, సరస్సు ఒడ్డున ఉన్న పోర్ట్ క్రెడిట్ ప్రాంతంలో సెయింట్ లారెన్స్ స్టార్చ్ అనే కంపెనీ ఉండేది. అది బీ హైవ్ పేరుతో మొక్కజొన్న పాకం అమ్మేది. పాకం కొన్న రుజువును డబ్బా నుంచి తీసి, తనకు కావలసిన ఆటగాడి పేరు రాసి పోస్టులో పంపితే, ఆ ఆటగాడి ఫోటో ఇంటికి వచ్చేది. 1934 నుంచి 1967 దాకా ఈ పద్ధతి నడిచింది. ఇందులో లాటరీ లేదు. ఎవరి ఫోటో కావాలో పిల్లవాడే అడిగి తెప్పించుకునేవాడు. గోధుమ రొట్టె మీద పాకం పోసుకు తిన్న రెండు తరాల కెనడా పిల్లల గదుల్లో గోడల మీద ఉన్నవి ఈ ఫోటోలే. ఆశపెట్టి మోసం చేయకుండా కూడా ముప్ఫయి మూడేళ్లు వ్యాపారం చేయవచ్చునని ఆ కంపెనీ నిరూపించింది.

బబుల్ గమ్ రోజులు

ఆంటారియోలోని లండన్ నగరంలో 1911లో మెక్‌డెర్మిడ్ సోదరులు ఓపీచీ అనే చూయింగ్ గమ్ కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ 1933-34లో హాకీ కార్డులు మొదలుపెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం రావడంతో కాగితం కరువైంది, కార్డులు ఆగిపోయాయి. ఆ పదేళ్ల ఖాళీ వల్ల ఒక విచిత్రం జరిగింది. హాకీ మహామహుల్లో ఒకడైన గోర్డీ హౌ 1946లోనే లీగులో ఆడటం మొదలుపెట్టినా, అతడి మొదటి కార్డు వచ్చింది 1951లో.

ఆ కార్డు వేసినది టొరాంటోలోని పార్క్‌హర్స్ట్ కంపెనీ. 1951-52లో వారు 105 చిన్న కార్డులు తెచ్చారు. గోర్డీ హౌ, మోరీస్ రిషార్, టెర్రీ సాచుక్, ముగ్గురి తొలి ప్రధాన కార్డులూ అందులోనే ఉన్నాయి. ఒక ఆటగాడి తొలి కార్డును "రూకీ కార్డు" అంటారు. సేకర్తలకు దాని మీదే మక్కువ. ఆ ఏడాది కార్డులను కలగలపడానికి సిమెంటు కలిపే యంత్రంలో వేసి తిప్పారని, అందుకే మూలలు దెబ్బతినని కార్డు దొరకదని సేకర్తలు చెప్పుకుంటారు. 1954లో అమెరికా నుంచి టాప్స్ కంపెనీ కూడా హాకీలోకి దిగింది. 1966-67 టాప్స్ వరుసలో బాబీ ఓర్ రూకీ కార్డు వచ్చింది. 1967లో లీగు ఆరు జట్ల నుంచి పన్నెండు జట్లకు పెరిగింది. మరుసటి ఏడాది నుంచి ఓపీచీ కెనడాకు సొంత వరుస వేయసాగింది. కార్డు వెనుక ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి కూడా ఉండేది. ఈ దేశంలో బళ్లో నేర్చుకోని నాలుగు ఫ్రెంచి ముక్కలు కార్డు వెనుక నేర్చుకున్న పిల్లలు ఉన్నారంటే అతిశయోక్తి కాదు.

ఆ రోజుల్లో పిల్లలు కార్డులను దాచుకోలేదు, ఆడుకున్నారు. గోడకేసి విసిరి, ఎవరి కార్డు గోడకు దగ్గరగా పడితే వాడే అన్నీ గెలుచుకునేవాడు. సైకిలు చక్రాల ఊచలకు బట్టల క్లిప్పుతో కార్డును తగిలించి, టకటక శబ్దంతో మోటారుసైకిల్ నడుపుతున్నట్టు మురిసిపోయేవారు. నచ్చని జట్టు ఆటగాడికి మీసాలు గీసేవారు. మన ఊళ్లలో అగ్గిపెట్టె బొమ్మలు, ఖాళీ సిగరెట్ పెట్టెలు పోగుచేసి, వాటికి మనలో మనమే వెలలు కట్టుకుని గోళీలాటలో పందెం కాసిన వారికి ఈ సంబరం వేరే వివరించనక్కరలేదు. పిల్లలు పెరిగి కాలేజీకి వెళ్లాక తల్లులు ఆ చెప్పుల పెట్టెలను చెత్తలో వేసేవారు. ఈనాడు పాత కార్డు అరుదుగా ఉందంటే, ఆ ధర వెనుక ఉన్నది ఈ ఆటలూ, ఆ తల్లుల ఇల్లు శుభ్రమే!

ఇచ్చిపుచ్చుకోవడం ఎందుకు పుట్టింది?

మనవాళ్లకు లెక్కలంటే మోజు కనుక ఒక లెక్క చెబుతాను. 1979-80 ఓపీచీ వరుసలో 396 కార్డులు. ఒక పిల్లవాడు ఎవరితోనూ మార్చుకోకుండా, కేవలం ప్యాకెట్లు కొంటూ వరుస పూర్తి చేయాలనుకున్నాడు. అన్ని కార్డులూ సమానంగా అచ్చయ్యాయనుకుందాం. సగం వరుస చేతికి రావడానికి సుమారు 275 కార్డులు కొంటే చాలు. చివరి ఒక్క కార్డు కోసమే సగటున మరో 396 కార్డులు కొనాలి. మొత్తం వరుసకు దాదాపు 2,600 కార్డులు కావాలి. ప్యాకెట్టుకు 14 చొప్పున 185 పైచిలుకు ప్యాకెట్లు. ఏ పిల్లవాడి జేబుకు అంత శక్తి ఉంటుంది?

అందుకే మార్పిడి పుట్టింది. బడి విరామంలో పదిమంది పిల్లలు చేరి, నీ దగ్గర రెండున్న కార్డు నాకిచ్చి నా దగ్గర రెండున్నది పుచ్చుకో అనుకుంటే, అందరి వరుసలూ ఎంతో తక్కువ ఖర్చుకు దగ్గరపడతాయి. కంపెనీ వేసిన లెక్కకు పిల్లలు కనిపెట్టిన విరుగుడు స్నేహం. పరదేశం నుంచి వచ్చిన పిల్లవాడికి, ఇంకా భాష సరిగా రాని పిల్లవాడికి, బళ్లో మొదటి స్నేహితుడిని సంపాదించి పెట్టింది ఎన్నోసార్లు ఈ అట్టముక్కే.

నీలి అంచు కార్డు

పైన చెప్పిన 1979-80 వరుసకు ఒక ప్రత్యేకత ఉంది. అందులో పద్దెనిమిదవ నంబరు కార్డు వేన్ గ్రెట్జ్‌కీది. మిఠాయి కంపెనీ పేటర్సన్ ఉండిన బ్రాంట్‌ఫర్డ్‌లోనే 1961లో పుట్టాడతడు. అతడు ఆడుతున్న ఎడ్మంటన్ జట్టు 1979లో లీగులో చేరింది. పద్దెనిమిదేళ్ల ఆ బక్కపలుచటి కుర్రవాడు 1999లో ఆట విరమించేనాటికి 2,857 పాయింట్లు సాధించాడు. ఆ అంకెను నేటికీ ఎవరూ అందుకోలేదు.

ఆ కార్డు నిజానికి లక్షల్లో ఒక్కటేమీ కాదు. ఎందరో పిల్లల చేతుల్లో ఉన్నదే. అరుదైనది చెక్కుచెదరని కార్డు. ఓపీచీ కంపెనీ అచ్చుకాగితాలను పదునైన కత్తితో కాక తీగతో కోసేది. అంచులు పీచుపీచుగా వచ్చేవి. నీలి అంచు కావడంతో చిన్న గీత కూడా తెల్లగా బయటపడేది. ప్యాకెట్లో పెట్టిన బబుల్ గమ్ మరక ఆపైన అదనం. పి.ఎస్.ఏ. అనే సంస్థ కార్డుల స్థితిని చూసి పదికి మార్కులు వేస్తుంది. ఓపీచీ గ్రెట్జ్‌కీ కార్డుల్లో పదికి పది వచ్చినవి 2021 నాటికి రెండే రెండు. వాటిలో ఒకటి 2011లో 94 వేల అమెరికన్ డాలర్లకు అమ్ముడయింది. 2016లో 4 లక్షల 65 వేలు పలికింది. 2020 డిసెంబరులో దాదాపు 13 లక్షలు, 2021లో 37 లక్షల 50 వేల డాలర్లు పలికింది. పేపర్లో చదివి మన తండ్రిగారు మెత్తబడింది ఈ అంకెలకే.

అందరూ దాచుకున్న కాలం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1980ల చివర పాత కార్డుల ధరలు పెరగడం చూసి పెద్దవాళ్లు రంగంలోకి దిగారు. ధరల పట్టికలు అచ్చు వేసే పత్రికలు వచ్చాయి. వీధికొక కార్డుల దుకాణం వెలిసింది. 1990-91లో హాకీ రంగంలోకి అప్పర్ డెక్, ప్రో సెట్, స్కోర్ వంటి కొత్త కంపెనీలు ఒక్కసారిగా దూకాయి. లీగులో ఇంకా ఒక్క ఆట కూడా ఆడని ఎరిక్ లిండ్రోస్ అనే కుర్రవాడి కార్డుకు జనం పరుగులు తీశారు. ఓపీచీ ప్రీమియర్ అనే 132 కార్డుల వరుస కోసం దుకాణాల ముందు తొక్కిసలాట!

ఈ జ్వరానికి గ్రెట్జ్‌కీ స్వయంగా ఆజ్యం పోశాడు. 1991లో అతడూ, అప్పటి లాస్ ఏంజిలస్ జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాలూ కలిసి హోనస్ వాగ్నర్ అనే పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడి సిగరెట్ కార్డును వేలంలో 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నారు. పి.ఎస్.ఏ. సంస్థ మొట్టమొదట మార్కులు వేసిన కార్డు కూడా అదే. తీరా చూస్తే, ఆ కార్డు అంచులను కొత్తగా కనిపించేలా తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. మార్కుల విధానానికి మొదటి మెట్టే అలా ఉంది!

ఆ రోజుల్లో మన ప్రవాసాంధ్ర కుటుంబాలు కొన్ని కూడా ఈ వరదలో కాళ్లు తడుపుకున్నాయి. "పిల్లవాడి కాలేజీ ఫీజుకు పనికొస్తుందండీ" అంటూ విప్పని డబ్బాలు కొని బేస్‌మెంట్‌లో, మామిడికాయ పచ్చడి జాడీల పక్కన పేర్చిన వారిని నేనెరుగుదును. ఆలోచన తప్పని అప్పుడెవరికీ అనిపించలేదు. 1951 కార్డుకు ధర వచ్చింది కనుక 1991 కార్డుకూ వస్తుందనుకున్నారు. అయితే 1951 కార్డును పిల్లలు ఆడి చింపేశారు, తల్లులు పారేశారు. 1991 కార్డును కోట్ల సంఖ్యలో అచ్చు వేశారు, కొన్న ప్రతివాడూ పెళ్లి పట్టుచీరలా భద్రపరిచాడు. అందరి దగ్గరా ఉన్నదాన్ని ఎవరు కొంటారు? ఆ పిల్లలు కాలేజీకి వెళ్లేసరికి డబ్బా ధర కొన్న ధరకంటే తగ్గింది. ఇప్పటికీ గరాజ్ సేళ్లలో ఆ డబ్బాలు విప్పకుండానే కనిపిస్తాయి. ప్రో సెట్ కంపెనీ కొద్ది ఏళ్లకే మూతబడింది. ఓపీచీని 1996లో నెస్లే కొనేసింది. కార్డుల మీద ఆ పేరు మాత్రం తరువాత మరో కంపెనీ చేతుల్లో బతికింది.

విప్పని పెట్టె

ఈ చరిత్రలో అన్నిటికంటే విచిత్రమైన ఘట్టం 2024 ఫిబ్రవరిలో జరిగింది. సస్కాచెవాన్ రాష్ట్రంలోని రెజైనాలో ఒక కుటుంబం ఇంట్లో 1979-80 ఓపీచీ కార్డుల అట్టపెట్టె ఒకటి, కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టు, సీలు విప్పకుండా బయటపడింది. లోపల 16 డబ్బాలు, డబ్బాకు 48 ప్యాకెట్లు, ప్యాకెట్టుకు 14 కార్డులు. మొత్తం 10,752 కార్డులు. మన 396తో భాగిస్తే దాదాపు 27 గ్రెట్జ్‌కీ కార్డులు ఉండాలి. హెరిటేజ్ సంస్థ వేలంలో అది 37 లక్షల 20 వేల అమెరికన్ డాలర్లకు అమ్ముడుపోయింది.

ఆలోచించి చూడండి. లోపల ఏముందో ఎవరూ చూడలేదు. ఆ ఇరవై ఏడింటిలో ఎన్నిటికి అంచులు బాగున్నాయో, ఎన్నిటికి గమ్ మరక అంటిందో విప్పితే గాని తెలియదు. విప్పిన మరుక్షణం ఆశ పోయి లెక్క మిగులుతుంది. కనుక ఆ పెట్టె విలువంతా విప్పకపోవడంలోనే ఉంది. 1924లో మిఠాయి పొట్లంలో దాగిన "వస్తుందేమో" అన్న ఆశ, నూరేళ్లకు సరిగ్గా ముప్ఫయి ఏడు లక్షల డాలర్లయి కూర్చుంది.

ఇప్పటి డబ్బాల్లోనూ సూత్రం అదే. అప్పర్ డెక్ కంపెనీ "యంగ్ గన్స్" పేరుతో కొత్త ఆటగాళ్ల కార్డులను మిగతావాటికంటే తక్కువగా వేస్తుంది. చాలా ఏళ్లపాటు సగటున నాలుగు ప్యాకెట్లకు ఒకటి చొప్పున వచ్చాయి. 2005-06లో సిడ్నీ క్రాస్బీ, 2015-16లో కానర్ మెక్‌డేవిడ్ రూకీ కార్డులు అలా వచ్చినవే. అదే 2015 నుంచి టిమ్ హార్టన్స్‌లో కాఫీతో పాటు కూడా హాకీ కార్డులు వచ్చాయి. ఇంకొందరు వ్యాపారులు వీడియోలో డబ్బాలు విప్పి చూపిస్తూ, వాటాలు వేసి జనం దగ్గర డబ్బు వసూలు చేస్తున్నారు. విప్పేది ఎవరో, డబ్బు పోసేది ఎవరో! దాన్ని ఏ పేరుతో పిలిచినా మనకు తెలిసిన తెలుగు మాట ఒకటే, జూదం.

మన ఇళ్లలో

ఇంత చెప్పి, పిల్లలకు కార్డులు కొనిపెట్టవద్దని నేననను. ఈ కార్డుల్లో ఈ దేశపు చరిత్ర ఉంది, మన చరిత్రకూ కొంచెం చోటుంది. బ్రిటిష్ కొలంబియాలో పుట్టిన రాబిన్ బావా 1989లో ఈ లీగులో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడయ్యాడు. మిస్సిసాగాలో పుట్టిన మానీ మల్హోత్రాను 1998లో న్యూయార్క్ రేంజర్స్ జట్టు ఏడవ ఎంపికగా తీసుకుంది. ఆనాటి కార్డుల మీద మల్హోత్రా అన్న పేరు అచ్చులో చూసి పొంగిపోయిన భారతీయ పిల్లలు ఎందరో. జుఝార్ ఖైరా 2015లో వచ్చాడు. కార్డు మీద మనలాంటి పేరు కనిపిస్తే, ఈ ఆట మనది కూడా అని పిల్లవాడికి ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి తల్లిదండ్రులకు నా సూచనలు రెండు మూడే. డబ్బా కొనండి, కాని ఖర్చయిన డబ్బుగా లెక్క రాసుకోండి, పెట్టుబడిగా కాదు. కొన్నాక విప్పనివ్వండి. ఒక వరుస పూర్తి చేయాలని పిల్లవాడు పట్టుబడితే రెండో డబ్బా కొనిపెట్టకండి, పక్కింటి పిల్లలను పిలిచి మార్చుకోమనండి. ఆ 2,600 కార్డుల లెక్కను వాడి చేతే వేయించండి. బర్ట్ కార్బో, స్ప్రేగ్ క్లెగార్న్ కార్డుల కథ చెప్పండి. పదేళ్ల పిల్లవాడికి కూడా అది ఇట్టే అర్థమవుతుంది. ఆ తరువాత వాడు ఏ ప్యాకెట్ చూసినా, లోపల ఏముందని మాత్రమే కాక, దీన్ని ఎవరు ఎందుకు ఇలా కట్టారని కూడా అడుగుతాడు. ఈ దేశంలో బతకబోయే పిల్లలకు ఆ ప్రశ్న అడగడం రావాలి.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేటప్పుడు మన ఆడపడుచులు కొండపల్లి బొమ్మల పక్కన పిల్లల ఆటవస్తువులు కూడా పేరుస్తారు కదా. ఈసారి కింది మెట్టు మీద నాలుగు హాకీ కార్డులకు చోటివ్వండి. పేరంటానికి వచ్చిన పిల్లలు వాటి చుట్టూ మూగి "నా దగ్గర ఇది రెండున్నాయి, నీకు కావాలా?" అని మొదలుపెడతారు. తల్లిగారు అట్టముక్కలన్న మాటా నిజమే, తండ్రిగారి ఆశలో ఉన్న కాస్త నిజమూ నిజమే. కాని ఆ కార్డులకు నిజమైన వెల కట్టేది ఆ పిల్లల మాటే.